చేతులు రెండంగుళాలు

మా పిన్నికి ఏడాదిలో రెండే కాలాలు. ఒకటి ఆకులు రాలే కాలం, రెండోది దాని కోసం ఎదురుచూసే కాలం. ఎండల్లో పలకరిస్తే ముక్తసరిగా జవాబిస్తుంది, వానల్లో అదీ ఇవ్వదు. వీధి చెట్ల మీద మొదటి పసుపు ఆకు కనబడిందా, ఇక ఆవిడని పట్టుకోలేం. అటక మీది పెట్టె కిందికి దిగుతుంది. ఆవపిండి రంగు మఫ్లరూ, ఇటుక రంగు స్కర్టూ, ముదురాకుపచ్చ ఊలు మేజోళ్లూ మంచమంతా పరుచుకుంటాయి. మంచం మీద చోటు లేక బాబాయి రెండు రోజులు కుర్చీలో కునుకు తీస్తాడు. దారిలో ఎండుటాకుల కుప్ప కనిపిస్తే పిన్ని పక్కనుంచి పోదు, మధ్యలోంచి పోతుంది. ఆ గరగర శబ్దం వినడానికే గట్టి అడుగున్న బూట్లు కొనుక్కుంది. ఆ కాలమంతా నాకు ముక్కు కారుతూనే ఉంటుంది, అందుకని ఈ సంబరాలు చూస్తే కాస్త ఒళ్లు మండుతుంది. అయినా ఆవిడ చేసే గుమ్మడికాయ సూపు కోసం ప్రతి ఆదివారం వాళ్లింట్లో వాలిపోతాను. సిగ్గుపడి లాభం లేదు, అది అంత బాగుంటుంది.

పిన్ని పని చేసేది ఆల్టరేషన్ షాపులో. అక్కడ కొత్తవి కుట్టరు. పొడుగైనవి పొట్టి చేస్తారు, బిగుతైనవి వదులు చేస్తారు. పిన్ని ముందు గదిలో కౌంటరు దగ్గర ఉంటుంది. వచ్చినవాళ్ల చేత బట్ట తొడిగించి, నోట్లో నాలుగు గుండుసూదులు పెట్టుకుని, ఎక్కడ మడవాలో అక్కడ గుచ్చి, సుద్దతో గీత గీసి, చీటీ రాసి బట్టకి తగిలిస్తుంది. గోడలో చిన్న కిటికీ ఉంది. అందులోంచి బట్ట వెనక గదిలోకి పోతుంది. అక్కడ మిషను ముందు మాస్టారు ఉంటారు. ఆయన పేరు షాపులో ఎవరైనా అనగా నేను వినలేదు. అందరికీ మాస్టారే. అరవై దాటినా సూదిలో దారం కళ్లజోడు లేకుండానే ఎక్కిస్తారు.

ఈ ఇద్దరూ ఆరేళ్లు మాట్లాడుకోలేదు.

కారణం మఫ్లరు. ఆరేళ్ల కిందట పిన్ని ఆవపిండి రంగు మఫ్లరూ, ఇటుక రంగు స్కర్టూ, నారింజ రంగు టోపీ అన్నీ ఒకేసారి వేసుకుని షాపుకి వెళ్లింది. మాస్టారు కిటికీలోంచి తొంగిచూసి, "వీధిలో ఎక్కువసేపు నిలబడకమ్మా, ఊడ్చేవాళ్లు ఆకులనుకుని ఎత్తుకుపోతారు" అన్నారు. షాపంతా నవ్వింది. ఆ మాట ఇంటికొచ్చి పిన్ని చెబితే నేనూ నవ్వాను, నాతోనూ వారం మాట్లాడలేదు. నాకు వారం శిక్ష పడింది, మాస్టారికి ఆరేళ్లు.

పని మాత్రం ఆగలేదు. అంతా చీటీల మీదే. 'నడుం అంగుళం తగ్గించాలి.' 'జిప్పు మార్చాలి.' 'టీ వచ్చింది.' ఒకసారి ఇస్త్రీపెట్టె కింద ఎవరిదో చొక్కా కాలుతుంటే పిన్ని కేక వెయ్యలేదు, చీటీ రాసింది. ఆ చీటీ కిటికీ దాటేసరికి చొక్కాకి వీపు లేదు.

ఇక కోటు సంగతి. మా అమ్మ పిన్నికి అక్క. మూడేళ్లు పెద్దది, ఒంట్లో రెండు సైజులు పెద్దది. పిన్ని పుట్టినప్పటినుంచీ వేసుకున్నవన్నీ అమ్మవే. అమ్మకి పొట్టయిన గౌన్లు, మోచేతుల దగ్గర పలచబడిన స్వెటర్లు, ముందు కాగితాలు కూరిన బూట్లు. పెళ్లయినా ఇది ఆగలేదు. అలవాటుకొద్దీ అమ్మ ఇస్తూనే వచ్చింది, మొహమాటంకొద్దీ పిన్ని పుచ్చుకుంటూనే వచ్చింది. మఫ్లర్లూ మేజోళ్లూ తనవి తను కొనుక్కునేది గానీ, కోటు అనేది మాత్రం ఎప్పుడూ అమ్మదే. అలాంటిది ఈ ఏడాది ఓ కోటు కొంది. కొత్తది. తేనె రంగు, నాలుగు పెద్ద బొత్తాలు, లోపల జారుడు లైనింగు. నాకు చూపించేటప్పుడు చేతులు కడుక్కుని తుడుచుకుని మరీ పెట్టెలోంచి తీసింది.

"వచ్చే ఆదివారం మీ అమ్మని భోజనానికి పిలిచానే" అంది. "సూపు తాగుతాం, కాసేపు నడుస్తాం. కానీ అసలు సంగతి అది కాదు. నా ఒంటి మీద తనది కాని కోటు ఒక్కటైనా మీ అమ్మ చూడాలి. అంతే."

కళ్లు ఎర్రబడ్డాయి ఆవిడకి. "కోటు కోసం ఇంతా?" అనబోయి నోరు మూసుకున్నాను.

ఒకటే లోపం. చేతులు రెండంగుళాలు పొడుగు. వేళ్లు సగం వరకూ కప్పేస్తున్నాయి. "కొత్తదయినా అక్క కోటులాగే ఉందే" అని తెగ బాధపడింది. లైనింగు ఉన్న కోటుకి చేతులు తగ్గించడం గుండుసూదులతో అయ్యే పని కాదు. మాస్టారే చెయ్యాలి. తన చేతికి తనే సూది గుచ్చుకోబోతే వేలికి దిగింది. సరే, టేపుతో కొలిచి చీటీ రాద్దామని కూర్చుంది.

అక్కడొచ్చింది తంటా. వచ్చినవాళ్ల బట్టలకైతే 'తగ్గించాలి' అని రాస్తుంది. అది వాళ్ల మాట. ఇది తన మాట. 'తగ్గించాలి' అంటే ఆయన మీద పెత్తనం చేసినట్టు. 'తగ్గించండి' అంటే ఆరేళ్ల పంతం వదిలేసి బతిమాలినట్టు. 'తగ్గించు' అందామా, తండ్రి వయసు మనిషి. మూడు చీటీలు రాసి మూడూ చింపేసింది. నాలుగో చీటీలో ఆ చివరి మాటే ఎగరగొట్టేసి, 'చేతులు రెండంగుళాలు' అని రాసి కోటుకి తగిలించి కిటికీలోంచి తోసేసింది.

శనివారం సాయంత్రం కోటు కాగితంలో చుట్టి కిటికీలోంచి తిరిగొచ్చింది. పిన్ని విప్పి చూడలేదు. చూస్తే ఆయన పనితనం మీద ఏదో గౌరవం ఉన్నట్టు తెలిసిపోతుందట.

ఆదివారం పొద్దున నేను వెళ్లేసరికి బాబాయి వంటింట్లో గుమ్మడికాయతో కుస్తీ పడుతున్నాడు. కాయ గెలుస్తోంది. ఎలాగో నాలుగు ముక్కలయ్యాక పిన్ని వాటికి నూనె రాసి, వెల్లుల్లి రెబ్బలు తొక్కతోనే పక్కన పడేసి ఓవెన్‌లోకి నెట్టింది. అంచులు నల్లబడేదాకా కాల్చి, గుజ్జు గీకి, ఉల్లిపాయతో ఉడికించి, మెత్తగా రుబ్బి, చివర్లో మిరియాలు దంచి వేస్తుంది. ఆపిల్ పళ్ల మధ్యలో గింజలు తీసి, దాల్చినచెక్క పొడీ బెల్లమూ కూరే పని నాది. ఇల్లంతా వాసన. నా ముక్కు దిబ్బడ కూడా వదిలిపోయింది.

"నేను తయారై వస్తా. అక్క పన్నెండింటికి వస్తానంది" అని పిన్ని గదిలోకి వెళ్లింది.

పావుగంటైనా రాలేదు. కేక వినిపించినా నయమే, ఏ చప్పుడూ లేదు. నేనూ బాబాయీ వెళ్లి చూశాం. పిన్ని అద్దం ముందు కోటు తొడుక్కుని నిలబడి ఉంది. భుజం నుంచి రెండంగుళాలు కోటు ఉంది. అక్కడినుంచి పిన్ని ఉంది. ఆ రెండంగుళాల అంచు మాత్రం ఎంత చక్కగా మడిచి కుట్టారంటే, ఎక్కడా పోగు కనబడదు.

"చేతులేవే?" అన్నాడు బాబాయి.

"జేబులో" అంది పిన్ని.

నిజమే. కత్తిరించిన రెండు గొట్టాలూ నీటుగా మడతపెట్టి కుడి జేబులో ఒకటి, ఎడమ జేబులో ఒకటి పెట్టారు. ఎవరి గుడ్డ వాళ్లకి ఇచ్చెయ్యడం మాస్టారి పద్ధతి. నాకు నవ్వు ముంచుకొచ్చింది గానీ పిన్ని ముఖం చూసి మింగేశాను. పదకొండు దాటింది. ఆవిడ గోడ గడియారం వైపూ ఫోను వైపూ మార్చి మార్చి చూసి, చివరికి ఫోను అందుకుంది. స్పీకరు ఆన్ చేసింది, సాక్ష్యానికి మేము వినాలని.

"మాస్టారూ."

"ఎవరూ?"

"నేనే."

"నువ్వామ్మా! ఏమైంది? షాపు గానీ తగలబడిందా?"

"నా కోటు చేతులు ఏం చేశారు?"

"రెండంగుళాలు ఉంచమన్నావుగా, ఉంచాను."

"ఉంచమన్నానా? తగ్గించమన్నాను!"

"ఆ ముక్క చీటీలో లేదే."

"లేకపోతే అడగాలా వద్దా?"

"నువ్వు నాతో మాట్లాడవుగా."

"మీకేం, మీరు మాట్లాడొచ్చుగా!"

"అమ్మా," అన్నారు మాస్టారు, గొంతు తగ్గించి. "నాకూ వింతగానే తోచింది. ఈ ఏడాది అదే ఫ్యాషనేమో అనుకున్నా. నీ బట్టల గురించి ఒక్కసారి నోరు జారి ఆరేళ్లు అనుభవించాను. మళ్లీ అడిగే ధైర్యం నాకెక్కడిది?"

పిన్ని "మా అక్క వచ్చేస్తోంది మాస్టారూ" అని ఏడ్చేసింది. చిన్నప్పటి గౌన్ల దగ్గర మొదలుపెట్టి కాగితాలు కూరిన బూట్ల దాకా మొత్తం ఆయనకి చెప్పేసింది. ఆరేళ్ల మాటలూ ఒక్కసారే అయిపోయాయి.

మాస్టారి ఇల్లు రెండు వీధుల అవతలే. కుట్టుపెట్టె చంకలో పెట్టుకుని పావుగంటలో వచ్చారు. కోటుని కిటికీ దగ్గర వెలుగులో అటూ ఇటూ తిప్పి, "అతుకుతాను. కానీ అతుకు తెలుస్తుంది. గంటన్నర పడుతుంది" అన్నారు. సూదిలో దారం ఎక్కిస్తుండగా తలుపు గంట మోగింది. మా అమ్మ జీవితంలో మొదటిసారి ముందే వచ్చింది.

పిన్ని చేతికందిన వంగపండు రంగు పొడుగు చేతుల స్వెటరు లాక్కుని తొడుక్కుని, దాని మీద ఆ కోటు వేసుకుని, నాలుగు బొత్తాలూ పెట్టేసుకుంది. తప్పించుకునే దారి లేనప్పుడు ఆవిడ అలాగే నిటారుగా నిలబడుతుంది.

అమ్మ చేతిసంచీతో లోపలికొచ్చింది. "ఇదిగోవే, నా పాత కోటు. బిగుతైపోయింది గానీ ఇంకా గట్టిగానే ఉంది, నువ్వు వాడుకో..." అంటూ తలెత్తి ఆగిపోయింది. సంచీ సోఫాలో పెట్టి పిన్ని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది.

"కొత్తదా?"

"ఆ."

"చేతులేంటే ఇంతే ఉన్నాయి?"

పిన్ని నోరు తెరిచేలోగా మూల నుంచి మాస్టారు ఒకసారి దగ్గారు.

"ఈ ఏడాది చేతులు ఇంతేనండీ. లోపలి స్వెటరు రంగు కనబడాలి. నేనే కుట్టాను" అన్నారు, ముఖంలో ఒక్క గీత కదలకుండా.

"నేనూ ఒకటి కుట్టించుకుందామనుకుంటున్నా వదినగారూ" అన్నాడు బాబాయి. అది కాస్త ఎక్కువైంది గానీ అమ్మ పట్టించుకోలేదు. ఆవిడ చూపు ఆ అంచు మీదే ఉంది.

నడకకి వెళ్లాం. పిన్ని ఆకుల కుప్పల మధ్యలోంచి నడిచింది, మొదట బెరుగ్గా, తర్వాత ఎప్పటిలాగే. పిల్లల బండి తోసుకుంటూ పోతున్న ఒకావిడ వెనక్కి తిరిగి మరీ కోటు చూసి వెళ్లింది. అది మెచ్చుకోలో విడ్డూరమో నాకు తెలీదు. పిన్ని మెచ్చుకోలు కిందే జమ వేసుకుంది. అమ్మ మాత్రం దారంతా ఒక్క మాటా మాట్లాడలేదు. అది మంచికో చెడుకో తేలక పిన్ని తిరిగొచ్చేదాకా గోళ్లు కొరుకుతూనే ఉంది.

అందరం బల్ల చుట్టూ కూర్చున్నాం, మాస్టారితో సహా. సూపు వేడిగా ఉంది. పిన్ని కోటు విప్పి కుర్చీ వీపుకి తగిలించింది. అమ్మ సగం గిన్నె తాగి, చెంచా కింద పెట్టి, ఎటో చూస్తూ అంది:

"ఒసే, నువ్వు వాడటం అయిపోయాక ఆ కోటు నాకిస్తావా?"

బాబాయి చేతిలో రొట్టె ముక్క సూపులో పడిపోయింది. అమ్మ ఎవరినైనా అలా అడగడం నేనెప్పుడూ వినలేదు. పిన్ని లేచి కోటు తీసి రెండు చేతులా తెరిచి పట్టుకుంది.

"ఇప్పుడే వేసుకు చూడక్కా."

అమ్మ లేచి తొడుక్కుంది. భుజాల దగ్గరే పట్టేసింది. పిన్ని ముందుకొచ్చి బొత్తం పెట్టబోయింది. బొత్తానికీ కాజాకీ మధ్య జానెడు దూరం. "ఊపిరి బిగబట్టు" అంది పిన్ని. అమ్మ ముఖం ఎర్రబడేదాకా బిగబట్టింది. నాలుగింట్లో ఒక్కటీ పట్టలేదు.

"మాస్టారూ, కాస్త వదులు చెయ్యొచ్చా?" అంది అమ్మ.

మాస్టారు కోటు వైపు చూడలేదు, పిన్ని వైపు చూశారు. "కుట్టులో గుడ్డ లేదండీ. ఇది ఆవిడ కొలతకే ఉంది" అన్నారు.

అమ్మ మెల్లగా కోటు విప్పి పిన్ని చేతికిచ్చింది. "చిన్నప్పుడు నావన్నీ నీకు వదులుగా ఉండేవి కదే" అంది.

"అన్నీ, అక్కా" అంది పిన్ని.

వంటింటి వేడికి అందరికీ చెమటలు పడుతున్నాయి. పిన్ని ఆ కోటు మళ్లీ తొడుక్కుని, నాలుగు బొత్తాలూ పెట్టుకుని, కళ్లు తుడుచుకుని, రెండో గిన్నె సూపు పోసుకుంది.