తలుపు తీసినవాళ్ళే చెప్పాలి

భర్త పోయి ఏడాది తిరగబోతున్నా ఫుమియే ఏడవలేదు. లోపల ఏదో మొద్దుబారింది, అంతే. బడిపిల్లలకు భోజనాలు వండే వంటశాలలో ఆమె పని. ఉల్లిపాయలు తరిగినప్పుడు తప్ప కంట్లో తడి లేదు. పక్కన పనిచేసే ఆడవాళ్ళు ముందు జాలిపడ్డారు, తర్వాత మెచ్చుకున్నారు, చివరికి చెవులు కొరుక్కున్నారు. ఏ మాటా ఆమెకు తగల్లేదు.

జపాన్‌లోని టొయొహాషి ఊళ్ళో ట్రామ్ లైను పక్కనున్న సామాజిక భవనంలో, పై అంతస్తు చాపల గదిలో, నెలకో ఆదివారం నలుగురు చేరి రోల్‌ప్లేయింగ్ ఆట ఆడేవారు. ముగ్గురు తలో పాత్ర పట్టుకుంటే, ఫుమియే భర్త కుగిమియా కథ నడిపే మాస్టరు. పాచిక పడ్డదాన్ని బట్టి ఎవరి రాత ఏమిటో ఆయన చెప్పేవాడు. ఏళ్ళ తరబడి ఒకే ఆట, ఒకే కథ. అందులో ఫుమియే పాత్ర పేరు ఒత్సునే, ఊరూరా మందులమ్ముకునే ముసలిది. ఆఖరి ఆదివారం ఒత్సునే ఒక పాత గిడ్డంగి తలుపు మీద చెయ్యి వేసింది. గది ఖాళీ చేయాల్సిన వేళ అప్పుడే అయింది.

"లోపలేముందో వచ్చే నెల చెప్తా," అన్నాడు మహానుభావుడు. ఇంటికొచ్చాక ఎంత బతిమాలినా నవ్వాడే గాని నోరు విప్పలేదు. ఆ వారంలోనే గుండె ఆగింది. రాసిపెట్టుకునే అలవాటు లేని మనిషి. కథంతా తలలో మోసేవాడు, అలాగే పట్టుకుపోయాడు.

ఈ ఆటగాళ్ళ నోట చావు అన్న మాట రాదు. పాత్ర చచ్చిపోతే, తప్పిపోయిందన్న అర్థంలో 'లాస్ట్' అంటారు. వెంటనే మిగతావాళ్ళు పాచికలు కింద పెట్టి, ఆ పాత్ర ఆడినవాళ్ళకు తలవంచి "శ్రమపడ్డారండీ" అనాలి. అది మర్యాద. కుగిమియా పోయిన పొద్దున, చేపముద్దతో చికువాలు కాల్చే దుకాణంలో పనిచేసే ఒరిహారా, గాభరాలో గ్రూపుకు మెసేజ్ పెట్టాడు: "కుగిమియా గారు లాస్ట్." అలవాటు అతని వేళ్ళను లాక్కుపోయింది. ఫుమియే అది చూసి, ఫోను పక్కన పెట్టి, అగరొత్తులు కొనడానికి వెళ్ళింది. కోపమన్నా వస్తే బాగుండేది. ఒరిహారాయే అప్పటినుంచి ఆమె ముందు తలెత్తలేక చస్తున్నాడు.

దానికి ప్రాయశ్చిత్తంగా నెలనెలా ఒక కొత్త ఆట వెతికి తెస్తున్నాడు. ఒకదాని రూల్సు పుస్తకం దిండంత లావు. ఇంకోదాంట్లో అందరూ ఉత్తరాలు పంచే తనుకిలు, నక్కను పోలిన బానపొట్ట జంతువులు.

"జీవితమంతా బస్సు తోలి చివరికి తనుకినయ్యాను. మా ఆవిడ ఈ మాట ఎప్పుడో చెప్పింది," అన్నాడు రిటైరైన డ్రైవరు టొకోరో. ఫుమియే నవ్వాల్సిన చోట నవ్వింది. ఆటలు మంచివే. ఆమెకే ఏవీ పట్టలేదు. ఈ నెలతో మానేస్తానని చెప్పడానికే ఇవాళ వచ్చింది. ఆమె మానేస్తే ఇద్దరితో ఆట సాగదు, ఆ గిడ్డంగి తలుపు ఇక ఎప్పటికీ తెరుచుకోదు.

ఒరిహారా అప్పటికే ఒక పల్చటి పుస్తకం బల్ల మీద పెట్టాడు. "దీనికి మాస్టరుండడండీ. పాచికలూ లేవు."

"పాచికల్లేని ఆటా? చేప లేని చికువా అమ్మరాదూ!" అన్నాడు టొకోరో.

"మరి లోపలేముందో ఎవరు చెప్తారు?" అని అడిగింది ఫుమియే.

"తలుపు తీసినవాళ్ళే చెప్పాలి. కుడిపక్కవాళ్ళు అడుగుతారు. రూలంతా ఇంతేనండీ."

సరే, ఈ ఒక్కటీ ఆడి చెబుదామనుకుంది. పాత్ర పేరు అడిగితే అలవాటుగా "ఒత్సునే" అనేసింది. మగవాళ్ళిద్దరూ మొహాలు చూసుకున్నారు. కుడిపక్కనున్నది ఒరిహారా. అతను గొంతు సవరించుకున్నాడు.

"ఒత్సునే తలుపు తీసింది. లోపలేముంది?"

ఫుమియే ఎడమవైపు తిరిగింది. జవాబు ఎప్పుడూ అటునుంచే వచ్చేది. అక్కడ టొకోరో చికువాల పళ్ళెం ఉంది.

"మీరే చెప్పాలండీ," అన్నాడు ఒరిహారా మెల్లగా.

"తెలీదు." ఆమె కళ్ళు మూసుకుంది. "చీకటిగా ఉంది... మా ఆయన ఉన్నారు. పాచికలు సంచిలో వేసుకుంటున్నారు. ఏముందండీ ఇక్కడ అంటే నవ్వుతున్నారు. చెప్పరు. ఆయనకే తెలీదేమో, ఇన్నాళ్ళూ నన్ను ఊరించారు." తర్వాత మామూలు గొంతుతో అంది, "మా ఆయన లాస్ట్."

ఒరిహారా మొహంలో నెత్తురు లేదు. టొకోరోయే ముందు చేతిలోని చికువా కింద పెట్టాడు. ఇద్దరూ చాప మీద చేతులాన్చి ఆమెకు తలలు వంచారు.

"శ్రమపడ్డారండీ."

అంత్యక్రియలకు వచ్చినవాళ్ళందరూ ఏదో ఒకటి అన్నారు. ఈ మాట మాత్రం ఎవరూ అనలేదు. ఫుమియే తిరిగి తల వంచబోయింది. మోకాళ్ళ మీద కూర్చుని కూర్చుని కాళ్ళు ఎప్పుడు తిమ్మిరెక్కాయో ఆమెకు తెలియనే లేదు. కదిలేసరికి ఒక్కసారిగా సూదులు గుచ్చుకున్నాయి. "అబ్బా!" అంటూ బల్ల పట్టుకుంది.

"తిమ్మిరా? కాలు చాపండి," అన్నాడు ఒరిహారా.

"నొప్పి," అంది ఫుమియే. "నొప్పిగా ఉంది, ఒరిహారా గారూ. చాలా నొప్పిగా ఉంది." ఆ మాట పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది.

వేళైందని చెప్పడానికి భవనం వాచ్‌మన్ వచ్చి తలుపు తీశాడు. లోపలికి చూసి, చప్పుడు కాకుండా మళ్ళీ మూసేశాడు.