ఇసుకదొందుల పెద్దమ్మ

పక్కింటి పెద్దమ్మ పోయిందని ఎవరో వాకిట్లోకొచ్చి చెబితే నేను నమ్మలేదు. "ఏ పెద్దమ్మ?" అని అడిగాను. ముందురోజు మధ్యాహ్నమే గోడ మీదుగా నన్ను తిట్టిపోసిన మనిషి! తెల్లవారి మేకలకు ఆకు వేస్తూ వేస్తూ ఒరిగిపోయిందట. నెల కావస్తోంది, నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

గొర్లు మేకలు కాచే ఇల్లు వాళ్ళది. ఆమె ప్రాణం మాత్రం మూసీలోని ఇసుకదొందుల మీద. జానెడు చేప, ఇసుక రంగే. అలికిడైతే పారిపోదు, ఇసుకలో దూరి కళ్ళు మాత్రం బయట పెడుతుంది. పెద్దమ్మకు వల లేదు, గాలం లేదు. చీర ఎగగట్టి, పాదాలతో ఇసుకను తడుముతూ నడిచేది. కాలి కింద మెదిలితే అక్కడే తొక్కిపట్టి వంగేది. నేను నీళ్ళు చిందిస్తే కసిరేది.

"ఉరుకకే! దాసుకున్నదాన్ని తరుమద్దు, దాని మీద నిలవడాలె."

ఊళ్ళో తగవులకూ ఆమెది ఇదే పద్ధతి. వాదించదు, వెళ్ళి ఎదుటివాళ్ళ గడప మీద కూర్చుంటుంది. ఎవరింట్లో బాలింత ఉన్నా దొందులు పట్టుకెళ్ళేది, పులుసు తింటే పాలు పడతాయని.

ఈ వేసవిలో మా చెల్లె పురిటికొచ్చింది. కొడుకు పుట్టాడు గానీ పాలు పడలేదు. మేకపాలు, భువనగిరి నుంచి బండి మీద తెప్పించిన డబ్బాపాలు, ఏది పట్టినా కక్కేస్తున్నాడు. వాడి ఏడుపు రోజురోజుకూ సన్నబడుతుంటే మాకెవరికీ ముద్ద దిగలేదు. మూసీ ఎండి మడుగులే మిగిలాయి. దొందులు పట్టుకొస్తానంటే, ఇప్పుడెక్కడివి పెద్దమ్మా అన్నందుకే ఆ తిట్లు.

"నోర్ముయ్యి! నీళ్ళున్నకాడ ఉంటయి. పోరని ఫికర్ నాకు లేదా?"

ఆ మర్నాడే ఆమె పాడె ఎత్తారు. కొడుకులు లేరు గనుక ఆమె పెనిమిటి, మా పెద్దబాపే నిప్పుకుండ పట్టాడు. శవం లేచిన ఇంట్లో నీళ్ళు ఉంచరు కదా, ఆడవాళ్ళం కుండలు ఒంపేస్తున్నాం. గోడవార ఒక మట్టితొట్టి, అడుగున ఇసుక. వంచబోయాను. ఇసుక మెదిలింది. రెండు కళ్ళు తేలాయి.

"పారబొయ్యకు బిడ్డా," అన్నాడు పెద్దబాపు వాకిట్లోంచే వెనక్కి తిరిగి. "నీతోని లొల్లి అయినంక పోయి, పొద్దుగూకంగ తెచ్చింది. మీ చెల్లెకే."

చావింటి నుంచి పురిటింటికి ఏమీ పోకూడదని ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"సచ్చినంక తెచ్చింది గాదవ్వా," అన్నాడాయన. "బతికున్నప్పుడు తెచ్చింది."

ముసలమ్మ చెయ్యి వదిలేసింది.

చెల్లెకు తరువాత పాలు పడ్డాయి. దొందుల వల్లనో, దేనివల్లనో, నాకు తెలియదు. నా కళ్ళ ముందు నుంచి కదలనిది ఆ పొద్దుటి బాటే. పాడె మూసీ వైపు పోతోంది. నేను తొట్టి చంకనెత్తుకుని, నీళ్ళు తొణకకుండా, పసివాడి ఏడుపు వినిపిస్తున్న మా ఇంటి వైపు.