గంపెడు మట్టి

మా కంబదూరు పక్క మంచు అంటే పెళ్ళిళ్ళలో నీళ్ళ డ్రమ్ములో వేసే ఐసుగడ్డే. అలాంటి నన్ను పటాలంలో మంచుకొండల మీద వాలు చూసే పనికి పెట్టారు, గుంత తవ్వడంలో నా చెయ్యి వాటమని. ఆ వాటం నాయన చలవ. వాన పడిన మర్నాడు చేలో జానెడు గుంత తీసి, పదును ఎంత లోతు దిగిందో చూడటం నాకు నేర్పింది ఆయనే.

మంచులోనూ అదే పని. కొండవాలు దాటేముందు నడుం లోతు గుంత తవ్వుతాం. పైపొర గట్టిగా ఉండి మనిషిని మోస్తుంది. దాని కింద చక్కెరలా పొడిపొడిగా ఇంకో పొర ఉందంటే అది దేన్నీ పట్టుకోదు. గుంత గోడలో ఒక దిమ్మె కోసి, మీద పార పెట్టి అరచేత్తో తడతాం. మొదట పది దెబ్బలు మణికట్టు నుంచి, తర్వాత పది మోచేతి నుంచి, చివర పది భుజం నుంచి. మణికట్టు దెబ్బలకే దిమ్మె జారిందా, ఆ వాలు మీద ఎవరూ అడుగు పెట్టరు. నిన్న దాటాం కదా అన్న మాట అక్కడ చెల్లదు. నిన్న కొండ ఊరుకుంది, అంతే.

ఒకసారి సెలవులో ఇంటికొస్తే నాలుగు రోజులు వదలకుండా వాన. కరువు ఏళ్ళలో నీళ్ళ వెంట మోటారును దించుకుంటూ పోయి, బావి అడుగున రాతి మీద బిగించి ఉన్నాం. ఇప్పుడు ఊట పొంగి అది మునిగేలా ఉంది. నాయన స్పానర్లు పట్టుకుని బయలుదేరాడు. వానకు భయపడటం మా వాళ్ళకు చేతకాదు. అదే మా జబ్బు.

బావి గట్టు మీద వేలు పట్టేంత నెర్రె కనబడింది. గోడలో పైనున్న ఎర్రమట్టి నీళ్ళు తాగి బరువెక్కింది. దాని కింద పిడికిట్లో నిలవని గరుసు, అందులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఓ మూల దిమ్మె కోసి, పార పెట్టి తట్టాను. నాలుగో దెబ్బకే జారింది.

"నాయనా, దిగొద్దు. గోడకు పట్టు లేదు."

"ఏమప్పా, మంచులో నేర్చింది మా మట్టికి చెప్తాండావా? నలభై ఏండ్లుగా నిలబడి ఉండాది ఈ గోడ. ఇన్నాళ్ళకు వచ్చిన వానకు కూడా భయపడితే యాడ బతుకుతాం?"

దిగాడు. రెండు బోల్టులు విప్పి, పెద్ద స్పానర్ కోసం పైకొచ్చి నవ్వాడు.

"చూడు, పడిందా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన మళ్ళీ దిగుతుంటే ఆపలేదు. ఒక గంపెడు మట్టి పడితే బాగుండు, అప్పుడైనా బుద్ధొస్తుంది అనుకున్నాను. అక్షరాలా అలాగే అనుకున్నాను.

ముందు దబ్బుమని లోపలి నుంచి ఒక చప్పుడు. మంచు కింద పొర కూలేటప్పుడు వచ్చే చప్పుడే. నెర్రె నోరు తెరిచింది. గోడ గోడంతా దిగిపోయింది.

ముందు ముఖం దగ్గర తవ్వాలని కొండ మీద నేర్పారు. అలాగే తవ్వాను. పక్క చేలవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. నాయన ఊపిరితో దొరికాడు. మోటారు కింద నలిగిన కుడికాలు మాత్రం మోకాలి దాకా తీసేశారు.

నేను పటాలం వదిలి వచ్చేశాను. చూడ్డానికి వచ్చిన ప్రతివాడికీ నాయన గొప్పగా చెబుతాడు. "మావాడు నాలుగు దెబ్బలు తట్టి చెప్పినాడప్పా. నేనే వినలేదు." నేను పక్కనే తల దించుకుని ఉంటాను. గంపెడు మట్టి సంగతి ఈరోజు దాకా ఆయనకు చెప్పలేదు.

ఇప్పుడు నాయన అరుగు దిగాలన్నా కర్ర ఆనించి, నన్ను పిలిచి అడుగుతాడు.

"నువ్వు చూసి చెప్పప్పా. దిగొచ్చునా?"

చూస్తాను. దిగు నాయనా, అంటాను.