లిస్బన్ పాతబస్తీలో అమ్మ తప్పిపోయిన మధ్యాహ్నం

చిన్నప్పుడు నేను ఊళ్లు చూసింది తక్కువ... ముందు పరుగెత్తే నాన్న వీపు చూసింది ఎక్కువ. లిస్బన్‌లో అయితే మరీనూ.

నాకప్పుడు పదేళ్లు. అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో అపార్ట్‌మెంట్, నాన్నకి హెచ్-వన్ వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆ వేసవి సెలవుల్లో వారం రోజులు పోర్చుగల్ వెళ్లాం. అమ్మ భీమిలి పిల్ల... పెళ్లైనప్పట్నుంచీ "సముద్రం ఉన్న ఊళ్లో నాలుగు రోజులు ఊరికే కూర్చుందాం" అని ఒకటే పోరు.

ఊరికే కూర్చోవడమా... నాన్నతోనా!

అల్ఫామా అని అక్కడి పాతబస్తీ. కొండ మీదకి మెట్లు, మెట్ల మధ్య సందులు... ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకి అతుక్కోవాల్సిందే. నెత్తిమీద దండేల నిండా ఆరేసిన బట్టలు. గంటకో చోటు చొప్పున ప్రింట్ తీసిన కాగితం పట్టుకుని నాన్న ముందు, మేం వెనక. వైఫై బోర్డు కనబడితే మాత్రం టక్కున ఆగి ఫోన్‌లో మెయిల్ చూసుకునేవాడు. మళ్లీ పరుగు. కోట దగ్గర పది నిమిషాలు, చర్చి దగ్గర మూడు. నాకో కస్టర్డ్ టార్ట్ కొనిచ్చి, "నడుస్తూ తినెయ్ అమ్ములూ" అన్నాడు. వేడివేడిది... నాలుక కాలింది.

అది తినడం అయ్యి వెనక్కి తిరిగేసరికి అమ్మ లేదు.

"ఇప్పటిదాకా ఇక్కడే ఉందిగా!" అన్నాడు నాన్న, నేనేదో దాచినట్టు. అమ్మ ఫోన్ అక్కడ పనిచెయ్యదు. వచ్చిన దారినే వెళ్దామంటే ప్రతి సందూ వచ్చిన సందులాగే ఉంది. నా మణికట్టు పట్టుకుని మెట్లు దిగాడు, ఎక్కాడు, మళ్లీ అవే మెట్లు దిగాడు. "వసూ! వసుధా!" అని అరుస్తుంటే కిటికీల్లోంచి ముసలమ్మలు తొంగిచూశారు. నాన్న గొంతు అలా వణకడం నేనెప్పుడూ వినలేదు. ఏడుపొచ్చింది... ఏడిస్తే ఆగాల్సొస్తుందని ఏడవలేదు.

అప్పుడు తగిలింది వాసన. ఒక గుమ్మం ముందు కుంపటి, దాని మీద చేపలు, పక్కన ఒకావిడ విసనకర్రతో విసురుతోంది. కవళ్లు! భీమిలిలో అమ్మమ్మ కాల్చిపెట్టే చేపలే... నాన్న ఒక్క క్షణం ఆగి, ఆ గుమ్మంలోకి దూరాడు.

లోపల నాలుగైదు బల్లలు. ముక్కూమొహం తెలియని జనం మధ్య అమ్మ... చేత్తో చేప వలుచుకుంటూ.

"బుద్ధుందా నీకు? ఎక్కడని వెతకాలి?"

"ష్ష్ష్!" అంది గది మొత్తం. అమ్మ కాదు, గది మొత్తం.

వంటావిడ ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ వచ్చి మధ్యలో నిలబడింది. పొట్ట గుండ్రంగా ఉన్న గిటారు ఒకాయన మీటాడు. ఆవిడ కళ్లు మూసుకుని పాట ఎత్తుకుంది. ఫాడో అంటారట. పాట మొదలైతే చెంచా కూడా చప్పుడు చెయ్యకూడదు.

నాన్నకి కూర్చోక తప్పలేదు. బల్ల కింద మోకాలు ఆడుతూనే ఉంది. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు... కానీ ఆ గొంతు, దూరంగా వెళ్లిపోతున్న ఎవరినో పిలుస్తున్నట్టుంది. రెండో పాటకి మోకాలు ఆగింది. చూస్తే నాన్న కళ్లనిండా నీళ్లు.

చప్పట్ల చాటున అమ్మతో అన్నాడు... "ఆఫీస్‌లో లేఆఫ్ లిస్ట్ వస్తోంది వసూ. ఈ వారమే. మనం ఇక్కడుండగా జాబ్ పోతే మళ్లీ అమెరికాలోకి రానిస్తారో లేదో కూడా తెలీదు."

అమ్మ చెయ్యి చేప మీదే ఆగిపోయింది. "ఈ సంగతి ఇంట్లోనే చెప్పుంటే నేను ఫ్లైట్ ఎక్కేదాన్నా?"

"ఎక్కవనే చెప్పలేదు."

అమ్మకి కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. తర్వాత ఒక చేపకి ముళ్లు తీసి నాన్న ముందు పెట్టింది. "తినండి. ఇంకో పాట విని వెళ్దాం."

ఆ ట్రిప్‌లో మేం ముగ్గురం కుదురుగా కూర్చుని తిన్న మొదటి భోజనం అదే.

మర్నాడే మెయిల్ వచ్చింది. లిస్ట్‌లో నాన్న పేరుంది. ఉద్యోగంలో ఆఖరి రోజుకి ఇంకా నెల గడువుండబట్టి ఇంటికైతే చేరగలిగాం. ఆ తర్వాత వేరే రాష్ట్రంలో, షామ్‌బర్గ్‌లో ఉద్యోగం దొరికింది... నాకు కొత్త స్కూలు, కొత్త స్నేహితులు. ఊరు మార్పించాడని నాన్న మీద చాన్నాళ్లు అలిగాను కూడా.

పోయిన నెల నేనొక్కదాన్నే లిస్బన్ వెళ్లాను. ఆ గుమ్మం దొరకలేదు. సందుల నిండా టూరిస్టులకి అద్దెకిచ్చే గదులే. ఒక హోటల్లో పాట మొదలైతే చుట్టూ అందరూ వీడియో తీశారు... నేనూ తీశాను.

అమ్మానాన్నలకి ఇప్పుడు గ్రీన్ కార్డులొచ్చాయి. ఎక్కడికెళ్లినా తిరిగి రానిస్తారో లేదో అన్న భయం లేదు... ముగ్గురికీ ఒకేసారి సెలవు దొరకడమే లేదు.

మీ పెద్దవాళ్లు మీకు తెలియకుండా మోసిన కంగారు చిన్నప్పుడు ఎప్పుడైనా మీ కంటపడిందా... పడుంటే కింద రాయండి. ఒక్కొక్కటీ చదువుతాను.