గడియారం ముందు పెట్టుకుని బరువులెత్తాను

ఆ ఉదయం మా టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కొత్తగా చేరిన అమ్మాయికి వేళ్ళు ఎక్కడ ఉంచాలో చూపిస్తున్నాను. ఎడమచేతి చిటికెన వేలితో ‘ఏ’ నొక్కితే కాగితం మీద అక్షరం పడలేదు. రిబ్బన్ అరిగిందేమో అనుకుని మళ్ళీ నొక్కాను. ఈసారి నీడలా పడింది. పక్క మిషన్ మీద కూర్చుని చూశాను. అక్కడా అంతే. లోపం మిషన్లలో లేదని, నా వేలికే బలం చాలడం లేదని అర్థం కావడానికి కాసేపు పట్టింది.

అప్పటికి నాకు ముప్పై రెండేళ్ళు. మాది ఏలూరు వైపు. పెళ్ళయ్యాక హైదరాబాదు వచ్చేశాం. మావారికి లక్డీకాపూల్‌లో ఆఫీసు ఉద్యోగం. నేను అమీర్‌పేటలో ఒక మేడ మీద గది తీసుకుని టైపు, షార్ట్‌హ్యాండ్ నేర్పేదాన్ని. ఎస్.ఆర్. నగర్ గదుల్లో ఉంటూ ఉద్యోగాలకు ప్రయత్నించే పిల్లలే ఎక్కువగా వచ్చేవాళ్ళు. ఆ మిషన్ల చప్పుడు ఆగితే నాకు తోచేది కాదు.

దానికి కొద్దివారాల ముందు విరేచనాలు, జ్వరం వచ్చి తగ్గాయి. తర్వాత అరికాళ్ళలో చీమలు పాకుతున్నట్టు ఉండేది. కొత్త చెప్పుల వల్ల అనుకున్నాను. వేలికి బలం లేదని తెలిసిన రోజు సాయంత్రమే, మెట్లు దిగుతుంటే మోకాళ్ళు ఒక్కసారిగా మడతపడ్డాయి. వీధి చివరి డాక్టరు నీరసమన్నారు, బి కాంప్లెక్స్ ఇంజక్షన్ ఇచ్చారు. మర్నాడు పొద్దున నేను మంచం మీంచి లేవలేకపోయాను. మావారూ, పక్కింటాయనా కలిసి నన్ను మోసుకెళ్ళి ఆటోలో కూర్చోబెట్టి పంజాగుట్టలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు.

అక్కడి డాక్టరు చిన్న సుత్తితో నా మోకాళ్ళ మీద, మోచేతుల మీద కొట్టి చూశాడు. ఏ కీలూ కదలలేదు. “రిఫ్లెక్సెస్ ఆబ్సెంట్” అని పక్కనున్న ఆయనతో అన్నాడు. నన్ను న్యూరాలజీ వార్డుకు పంపారు. నడుము దగ్గర సూది గుచ్చి నీరు తీశారు. దాన్ని లంబార్ పంక్చర్ అన్నారు. రిపోర్టు వచ్చాక న్యూరాలజీ డాక్టరుగారు మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు. నెరిసిన జుట్టు, తొందర లేని మాట.

“సెల్స్ నార్మల్‌గా ఉన్నాయి, ప్రొటీన్ ఎక్కువుంది. ఇది జీబీ సిండ్రోమ్ అమ్మా. రోగాలతో పోరాడాల్సిన మీ ఒంట్లోని సైన్యం పొరబడి మీ నరాల మీదే పడింది. ఇంకొన్నాళ్ళు పెరుగుతుంది, తర్వాత ఆగుతుంది, ఆ తర్వాత తగ్గుతుంది.”

“నేను బతుకుతానా డాక్టరుగారూ?”

“ఊపిరి ఆడుతూ ఉన్నంతవరకు బతుకుతారు. దాన్ని చూసుకునే పని మాది.”

రోజూ ఉదయం, సాయంత్రం ఒక్క ఊపిరిలో ఎంతవరకు అంకెలు లెక్కపెట్టగలనో చూసేవారు. మొదట్లో ఇరవై దాటేదాన్ని. తర్వాత పది దగ్గరే గొంతు ఆగిపోయేది. ఒకరోజు ఐదు కూడా చెప్పలేకపోయాను. ఆ మధ్యాహ్నమే గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టారు. ఒళ్ళంతా కదలదు గానీ బుర్ర మాత్రం బాగా పనిచేసేది. ఈగ ముఖం మీద వాలితే తోలుకోలేను. మావారు ఆఫీసుకు సెలవు పెట్టి, ఫిజియోథెరపిస్టు చూపించినట్టు నా కాళ్ళూ చేతులూ మెల్లగా మడిచి చాచేవారు. అలా చేస్తూ ఇంటి సంగతులన్నీ చెప్పేవారు. మా నాలుగేళ్ళ పాప చిన్ని జడ వేయించుకోనని పేచీ పెట్టిందని, పాలవాడు మారాడని. ఆ కబుర్లే నాకు మందులా పనిచేశాయని ఇప్పటికీ అనుకుంటాను.

డాక్టరుగారు చెప్పినట్టే జబ్బు ఆగింది. మొదట ఊపిరి తిరిగొచ్చింది, తర్వాత మెడ, తర్వాత భుజాలు. నాలుగు కాళ్ళ వాకర్ పట్టుకుని ఇంటికొచ్చాను. ఆరునెలలు దాటేసరికి వాకర్ వదిలేసి గోడ పట్టుకుని నడిచాను. కోలుకోవడం అక్కడితో ఆగిపోయింది. కింద కూర్చుంటే ఎవరో ఒకరు లేపాలి. చేతులు తలదాకా లేచేవి కావు. పాల గిన్నె రెండు చేతులతో పట్టుకున్నా ఒలికిపోయేది.

“ఇన్‌స్టిట్యూట్ ఎవరికైనా అప్పగించేద్దాం సుభద్రా, పిల్లలు పరీక్షలకు నష్టపోతున్నారు” అన్నారు మావారు ఒకరోజు. ఆయన మాటలో తప్పేమీ లేదు. నేను సరేనన్నాను. అని, వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

ఆ వారంలోనే రజియా ఆపా నన్ను చూడటానికి వచ్చింది. ఆమె అమ్మాయిల స్కూల్లో పీటీ టీచరు; అక్క అనే అర్థంలో పిల్లలు ఆపా అనేవాళ్ళు, నాకూ అదే అలవాటైంది. అంతకుముందు వేసవి సెలవుల్లో నా దగ్గర టైపు నేర్చుకుంది. వయసులో ఉండగా షాట్‌పుట్‌లో రాష్ట్రం తరఫున ఆడింది. వెడల్పాటి భుజాలు, నవ్వితే గది నిండిపోయే గొంతు. నేను కుర్చీలోంచి లేవడానికి పడే అవస్థను కాసేపు చూసింది.

“మేడమ్, డాక్టర్ సాబ్ ఎక్సర్‌సైజ్ వద్దన్నడా?”

“వద్దనలేదు. మెల్లగా చేసుకోమన్నారు.”

“మరి చేస్తున్నరా?”

“నడుస్తున్నాను కదా.”

“నడిస్తె గోడ పట్టుకునుడే వస్తది. బరువు ఎత్తితెనే బలం వస్తది. రేపు మా ఇంటికి రండ్రి. జర చూద్దాం. ఫికర్ చెయ్యకుండ్రి, నేనున్న.”

ఆమె ఇల్లు పంజాగుట్ట మెయిన్‌రోడ్డు వెనక సందులో. ముందుగదిలో సోఫాల బదులు ఇనప డంబెల్స్, బరువులు తగిలించే ఒక బార్, ఒక బల్ల ఉండేవి. కిటికీకి మందపాటి తెర. అల్మారా మీద గంట మోగే అలారం గడియారం. స్కూలు అమ్మాయిలతో ఆమె చేయించే పద్ధతి ఇది: రెండు కసరత్తులు ఎంచుకోవడం, ఒకటి నెట్టేది, ఒకటి లాగేది. గడియారానికి పదిహేను నిమిషాలు పెట్టడం. ఒకదాని తర్వాత ఒకటి చేస్తూ, గంట మోగేలోపు ఎన్నిసార్లు ఎత్తగలిగితే అన్నిసార్లు ఎత్తడం. మళ్ళీ వచ్చినప్పుడు అదే సమయంలో ఇంకొన్ని ఎక్కువ. విశ్రాంతి ఎంత తగ్గితే అంత గొప్ప.

నాకు కుర్చీలోంచి లేచి కూర్చోవడం ఒకటి, చిన్న డంబెల్‌ను నడుము దాకా లాగడం ఒకటి పెట్టింది. మొదటివారమే తేడా కనిపించింది. రెండోవారం అలారం మోగేసరికి చీర చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయేది. జబ్బు చేశాక మొదటిసారి నాకు పని చేసి అలసిపోయిన సుఖం తెలిసింది. ఆపా పక్కన నిలబడి “బస్ బస్, ఇంకొకటి” అంటుంటే నేనూ ఒకటి కలిపేదాన్ని.

మూడోవారం చివర బాత్రూమ్‌లో పడిపోయాను. తొడలు వణికి వాటంతటవే వదిలేశాయి. వారం ముందు మూయగలిగిన పిడికిలి ఇప్పుడు మూసుకోలేదు. జబ్బు తిరగబెట్టిందని మావారి ముఖం పాలిపోయింది. నాకైతే మళ్ళీ ఆ గొట్టమే కళ్ళముందు కనిపించింది.

ఆసుపత్రికి ఆపా కూడా వచ్చింది. ఎవరూ పిలవలేదు, తనే వచ్చింది. డాక్టరుగారు అన్నీ పరీక్షించారు, నెర్వ్ కండక్షన్ టెస్టు చేయించారు.

“రిలాప్స్ కాదు. ఓవర్‌వర్క్ వీక్‌నెస్” అన్నారు. “పది మంది మోసే బరువును ఇప్పుడు మీ కండల్లో ముగ్గురే మోస్తున్నారు. వాళ్ళను పడిపోయేదాకా పనిచేయిస్తే మర్నాడు ఆ ముగ్గురూ ఉండరు.”

“అంటె ఎక్సర్‌సైజ్ బంద్ చెయ్యాల్నా సాబ్?” అని ఆపా అడిగింది.

డాక్టరుగారు ఆమె వైపు తిరిగి, ఏం చేయిస్తున్నారో మొత్తం అడిగి తెలుసుకున్నారు. గడియారం సంగతి ఆయనకు నచ్చింది. “బంద్ చేయొద్దు. కొద్దిరోజులు రెస్టిచ్చి మళ్ళీ మొదలుపెట్టండి. కానీ ఫెయిల్యూర్ దాకా, అంటే ఇక ఎత్తలేమనేదాకా, వద్దు. మర్నాటికి నొప్పిగానీ నీరసంగానీ మిగిలితే, ముందురోజు చేసింది ఎక్కువైనట్టే. రోజు విడిచి రోజు చాలు.”

బయటికొచ్చి బస్టాపులో నిలబడ్డాక ఆపా నా చెయ్యి పట్టుకుంది. “తప్పు నాది మేడమ్. నా స్కూలు పిల్లల లెక్క జూసిన మిమ్మల్ని. మీరు రాను అంటె నేనేం అనుకోను.”

“నేను వస్తాను ఆపా” అన్నాను. మావారు వద్దంటారేమో అనుకున్నాను. తర్వాతి వారం ఆయనే రిక్షా పిలుచుకొచ్చారు.

ఆపాలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ తర్వాత ఆమె చేసిన పని. ఏళ్ళ తరబడి తనకు అలవాటైన పద్ధతిని నాకోసం తిరగేసింది. గడియారం అదే, పదిహేను నిమిషాలూ అవే. కానీ నేను పదిసార్లు ఎత్తగలిగే బరువును ఐదుసార్లే ఎత్తనిచ్చేది. తర్వాత ఊపిరి నెమ్మదించేదాకా కూర్చోబెట్టేది. ఇంకా చేయగలనని నేనంటే, “చేయగల్గుతరు. గందుకే ఆపుతున్న” అనేది. ఆ కాసేపట్లో నేను ఎత్తిన మొత్తం, అంతకుముందు రొప్పుతూ ఎత్తినదానికంటే నెలనెలా పెరుగుతూ వచ్చింది. బరువు పెంచలేదు, సమయం పెంచలేదు. మధ్య విశ్రాంతి మాత్రం నా ప్రమేయం లేకుండానే తగ్గుతూ పోయింది. ఒళ్ళే అడగడం మానేసింది.

ఆ పదిహేను నిమిషాలు ఎలా ఉంటాయో చేసినవాళ్ళకే తెలుస్తుంది. మొదట్లో ఇంత తేలికా అనిపిస్తుంది. మధ్యలో గడియారం ఆగిపోయిందేమో అని అనుమానం వస్తుంది. చివరికొచ్చేసరికి మనసులో ఇంకేమీ ఉండదు, ఊపిరీ ఇనుమూ తప్ప. ఆసుపత్రిలో రోజుల తరబడి నా ఒంటికి నేను పరాయిదాన్నయ్యాను. ఆ గదిలో నా ఒళ్ళు మళ్ళీ నాదైంది.

వేళ్ళకోసం ఆపా వేరే ఉపాయం చేసింది. ఇసుక నింపిన గుడ్డ సంచిని వేళ్ళతో పట్టి ఎత్తించేది, అదీ గడియారం చూసే. సంచి పట్టు చిక్కాక నెమ్మదిగా మిషన్ ముందు కూర్చున్నాను. అప్పగించే మాట పక్కనపెట్టి, అప్పటిదాకా పాత విద్యార్థి ఒకతనితో ఇన్‌స్టిట్యూట్ నడిపించాం. మొదట రెండు బ్యాచ్‌లు, తర్వాత అన్నీ నేనే తీసుకున్నాను. బల్కంపేటలో బోనాలప్పుడు ఆపా తోటి టీచరు భోజనానికి పిలిస్తే, ఇద్దరం ఆ జనంలో తోసుకుంటూ నడిచివెళ్ళాం. ఎవరి భుజమైనా తగిలితే పడిపోతానన్న భయం ఆ రోజు దారిలో ఎక్కడో పోయింది. ఎక్కడ పోయిందో గమనించలేదు.

చివరిసారి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరుగారు తన రెండు వేళ్ళు నా పిడికిట్లో పెట్టి గట్టిగా నొక్కమన్నారు. నొక్కాను.

“చాలమ్మా, వదలండి” అని నవ్వుతూ వేళ్ళు విదుల్చుకున్నారు.

తర్వాత సుత్తితో మోకాలి మీద కొట్టారు. అది కదలలేదు.

“ఇదెప్పుడొస్తుంది డాక్టరుగారూ?”

“రాకపోవచ్చు. దానికోసం ఎదురుచూడకండి. దానితో మీకు పనేమీ లేదు.” సుత్తి బల్ల మీద పెట్టి, “మీతోపాటు వచ్చిన ఆ టీచరుగారి అడ్రసు నాకు కావాలి” అన్నారు.

ఇప్పుడు దాదాపు నాలుగేళ్ళయింది. అరికాళ్ళు చల్లబడితే ఇంకా తిమ్మిరెక్కుతాయి. ఎక్కువ దూరం నడిస్తే ఎడమ పాదాన్ని కాస్త ఈడుస్తాను. గ్యాస్ సిలిండర్ మాత్రం నేనే జరుపుకుంటాను. వారానికి మూడు సాయంత్రాలు ఇన్‌స్టిట్యూట్ మూసి పంజాగుట్ట వెళ్తాను. ఆపా నాకిప్పుడు స్కూలు పిల్లల పద్ధతే పెట్టింది. విశ్రాంతి తగ్గించి, బరువు పెంచి, గంట మోగేదాకా ఊపిరి సలపనివ్వదు. నాకు అది చాలా ఇష్టం.

డాక్టరుగారు పంపినవాళ్ళు అప్పుడప్పుడు వస్తారు. మొన్న ఒక బ్యాంకు ఉద్యోగిని వచ్చింది. నాకొచ్చిన జబ్బే, ఆసుపత్రి నుంచి వచ్చి ఎంతోకాలం కాలేదు. కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చుంది. ఆరోసారికి లేవబోతుంటే ఆపా ఆపింది. ఆమె నా వైపు తిరిగి, “చేయగలను కదండీ, ఎందుకు ఆపుతున్నారు?” అంది. గొంతులో ఉక్రోషం.

ఆమెకు చెప్పిందే ఇది చదివేవాళ్ళకూ చెబుతున్నాను. నరాల జబ్బు నుంచి కోలుకుంటుంటే డాక్టరును అడగకుండా బరువు ముట్టుకోకండి. ఆయన సరేనంటే, ఇంకా చేయగలననిపించినప్పుడే ఆపండి. మర్నాడు పొద్దున లేవగానే ముందు పిడికిలి మూసి చూసుకోండి. నిన్నటంత గట్టిగా మూసుకుంటే, నిన్న చేసింది సరిపోయింది.

అది విని ఆ బ్యాంకు ఉద్యోగిని కుర్చీలో వెనక్కి వాలి, గడియారం వైపు చూస్తూ ఊపిరి తీసుకోసాగింది.