లాకెడు నీళ్ళు

మా మరిది అన్సెల్మ్‌కి యాభై దాటినా పెళ్ళెందుకు కాలేదని ఎవరైనా అడిగితే నేనొకటే చెబుతాను. వాడి నోరు నీటిమట్టాన్ని బట్టి తెరుచుకుంటుంది. నవ్వకండి. పడవ పైకి లేస్తుంటే మాట్లాడతాడు, కిందికి దిగుతుంటే మూగనోము పడతాడు. నేను కాపురానికొచ్చేసరికి ముక్కు కారుతూ తిరిగే పిల్లాడు వాడు. అప్పట్నించీ ఒకే పడవలో వండి పెడుతున్నదాన్ని, నాకు తెలీదూ?

వాడు పుట్టిందే పడవలో. మార్గెరీత్ అన్నది మా అత్తగారి పేరు, పడవ పేరూ అదే. అప్పట్లో వైన్ పీపాలు మోసేది. ఆ పీపాల మధ్యే వీడికి ఉయ్యాల కట్టారట. అందుకే ఊగుతూ ఉంటే గానీ నిద్ర పట్టదు. ఎప్పుడైనా చుట్టాలింట్లో పడుకోవాల్సొస్తే, నేల కదలట్లేదని తెల్లవార్లూ మేలుకునే ఉంటాడు. పీపాలన్నీ లారీల పాలయ్యాక, మా ఆయన లూసియాన్ పోయాక, పీపాలుండే చోట గదులు కట్టి పరుపులు వేశాం. సెలవులవాళ్ళని ఎక్కించుకోవడం మొదలుపెట్టాం. ఒక వారం దిగువనున్న డీజోన్ పట్నం నుంచి ఎగువకి, మరుసటి వారం ఎగువ నుంచి డీజోన్‌కి. చుక్కాని వాడిది, గరిటె నాది.

మా పడవ ఎంత నిదానమంటే, గట్టు మీద నడిచేవాడు మమ్మల్ని దాటిపోయి, ఎక్కడో చెట్టుకింద ఓ కునుకు తీసి లేచేసరికి మేం అప్పుడే వస్తూ ఉంటాం. సెలవులవాళ్ళు దానికోసమే సముద్రాలు దాటి వస్తారు. పొద్దున్నే కాలువ మీద మంచు ఇంకా విడదు. రెండు పక్కలా పొడుగాటి చెట్లు నీళ్ళలోకి తలకిందులుగా దిగి ఉంటాయి. మేం ఆ కొమ్మల మీదుగా, ఆకాశం మీదుగా పోతున్నట్టే ఉంటుంది. దూరంగా ఏదో ఊళ్ళో గంట మోగుతుంది. కోతల రోజుల్లో అయితే గాలంతా తొక్కిన ద్రాక్ష వాసన. ఆ వాసన పీల్చి సెలవులవాళ్ళలో ఒకావిడ, ఇంగ్లీషు దొరసాని పెటిఫర్ గారు, కుర్చీలోనే మాగన్నుగా నిద్రపోయేది. ఎందుకు లేపాలి పాపం, భోజనం చల్లారినా మళ్ళీ వెచ్చబెడతాను.

ఇక ఒదీల్ సంగతి. రెండు కొండల నడుమ ఒంపులో ఉంటుంది ఆవిడ లాకు, నీళ్ళు నింపీ వదిలీ పడవల్ని ఎక్కించి దించే తలుపుల గొయ్యి. తండ్రి కాశాడు, ఆయన తర్వాత ఆవిడ కాసింది. పక్కనే చిన్న ఇల్లు, గుమ్మం దగ్గర పూలు, పెరట్లో కోళ్ళు. నేను రెడ్ వైన్‌లో ఉడికించే గుడ్లు ఆవిడ కోళ్ళవే. ఒదీల్ పిసినారితనం కాలువ పొడుగునా తెలుసు. గుడ్ల దగ్గర కాదు, నీళ్ళ దగ్గర. దిగే పడవకి లాకు నిండి ఉండాలి, ఎక్కే పడవకి ఖాళీగా ఉండాలి. ఒకరు దిగిన ఖాళీలోకే ఇంకొకరు వచ్చి ఎక్కితే నీళ్ళు కలిసొస్తాయి. అందుకని ఎదురు పడవ వచ్చేదాకా ఎవర్నైనా సరే ఆపేసేది. తొందరపెడితే నడుం మీద చేతులేసుకుని, "ఉత్తపుణ్యానికి నీళ్ళు పొయ్యను. లాకెడు నీళ్ళంటే మాటలనుకున్నారా?" అనేది. సెలవులవాళ్ళు ఎండలో సణుక్కునేవాళ్ళు. మా వాడు మాత్రం ఇంజను ఆపి, గట్టుకి మోకు కట్టి, పెళ్ళివారింట్లో విడిదికి దిగినట్టు కూర్చునేవాడు.

ఎగువకి వెళ్ళే వారం చూడాలి వీళ్ళ తమాషా. మేం లాకులోకి వచ్చేసరికి వాడు గోతిలో, ఆవిడ గట్టు మీద. వాడికి ముందు కనబడేవి ఆవిడ రబ్బరు బూట్లు. మిగతా పడవలకి తూము బరబరా తిప్పే మనిషి, మాకు మాత్రం అర చుట్టు తిప్పి ఆగేది.

"గబుక్కున వదిలితే మీ మోకులు తెగుతాయండీ," అనేది.

మా మోకులు! ఎద్దుల్ని కట్టినా తెగవవి. నీళ్ళు మెల్లగా, ఎక్కడా చప్పుడు లేకుండా నిండేవి. బూట్ల తర్వాత గౌను అంచు, ఆ తర్వాత చేతులు, ఆఖరికి మొహం. రెండు మొహాలూ సమానంగా వచ్చాకే మా వాడి నోట మాట ఊడిపడేది.

"కోళ్ళు కులాసానా అండీ?"

"కులాసానే. నల్లది పొదిగింది. మీ మోకాలు ఎలా ఉంది? నేనిచ్చిన తైలం రాస్తున్నారా?"

"రోజూ రాస్తున్నానండీ."

పచ్చి అబద్ధం. ఆ సీసా మూత తియ్యకుండా దిండు పక్కన పెట్టుకున్నాడు, అయిపోతుందని.

దిగే వారం మాత్రం ఎదురెదురుగా నిలబడేవాళ్ళు. వీడు నోరు తెరుద్దామనుకునేలోపు పడవ దిగిపోతూ ఉండేది. కళ్ళ ముందు పాచిపట్టిన గోడ లేచేది. ఓసారి నాకు ఒళ్ళు మండింది.

"ఎంతకాలంరా ఇలా? ఎక్కేటప్పుడు కోళ్ళూ మోకాళ్ళూ, దిగేటప్పుడు అదీ లేదు. అసలు మాట ఎప్పుడు చెబుతావ్?"

"దిగుతూ చెప్పిన మాట గోడకి తగులుతుంది వదినా."

"అయితే గట్టిగా అరువు."

"అరిచి చెప్పే మాటా అది?" అన్నాడు మెల్లగా.

ఆ ఏడు వాన చుక్క పడలేదు. కొండ మీద చెరువులు అడుగంటాయి. ద్రాక్ష మాత్రం తేనెలా పండింది, తోటలవాళ్ళకి ఒక కంట నవ్వు, ఒక కంట ఏడుపు. అదే ఏడు ఇంకో కబురు వచ్చింది. వచ్చే వసంతం నుంచి ఒదీల్ లాకుకి కాపలా మనిషంటూ ఉండరట, బండి మీద తిరిగే మనిషి వచ్చి తీసి మూసి పోతాడట. ఇల్లు కూడా ఖాళీ చెయ్యాలి. ఒదీల్ సముద్రపు ఒడ్డున అక్క దగ్గరికి వెళ్ళిపోతుందని చెప్పుకున్నారు.

"సీజను చివర్లో పడవని ఎగువకి తీసుకెళ్తాం కదా వదినా, శీతాకాలానికి. అప్పుడు చెబుతాను. ఎక్కుతూ చెబుతాను," అన్నాడు మా వాడు. మాటలన్నీ కూడబలుక్కున్నాడు కూడా. చుక్కాని దగ్గర పెదాలు కదుపుతుంటే చూశాను.

మేం ఇంకా ఎగువ రేవులో ఉండగానే పిడుగులాంటి వార్త. నీళ్ళు లేవు, శనివారం నుంచి కాలువ మూసేస్తున్నారు. పెద్ద పడవలన్నీ దిగువకి వెళ్ళిపోవాలి, ఈ శీతాకాలం డీజోన్‌లోనే. ఇక ఎక్కడం లేదు. ఉన్నది ఒక్క దిగడమే. మా వాడి మొహంలో కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు.

ఒదీల్ లాకు చేరేసరికి మధ్యాహ్నం. పసుపు రంగు ఎండ, అవతలి వాలు మీద కోతవాళ్ళు వంగి లేస్తున్నారు. మా ముందే ఒక చిన్న పడవ ఎగువకి ఎక్కి వెళ్ళింది, సీజనులో ఆఖరిది. లాకు నిండుగా ఉంది, తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. కాసేపు ఆగడానికి వంకైనా లేదు.

పడవ లోపలికి వెళ్ళింది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. ఒదీల్ ఒక జామ్ సీసా అందించింది.

"కాలువ ఎలాగూ మూసేస్తున్నారు. ఆదివారం వెళ్ళిపోతున్నానండీ."

"అలాగా అండీ," అన్నాడు మా వాడు. అంతే. సీసా పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఆవిడ వాడి మొహంలోకి చూసి, ఎగువ తలుపులు మూసి, వెళ్ళి దిగువ తూము తిప్పింది. నీళ్ళు జారడం మొదలైంది. ఆవిడ మొహం పైకి పోయింది, చేతులు పైకి పోయాయి, గౌను అంచు పోయింది. నేను వంటగది కిటికీలోంచి, "ఒరేయ్, నోరు తెరవరా, నీకు పుణ్యముంటుంది," అని గొణుగుతూనే ఉన్నాను. గోడ లేచింది. బూట్లు కూడా కనబడలేదు. పడవ అడుక్కి చేరింది. నాకు ఏడుపొచ్చింది, నిజం చెబుతున్నాను. ఇంత బతుకూ బతికి ఒక్క మాట చెప్పలేక ఆ పిచ్చివాడు జామ్ సీసా తుడుస్తున్నాడు.

ఇప్పుడు దిగువ తలుపులు తెరవాలి. తెరుచుకోలేదు. పైన ఇనుప చక్రం కిర్రుమంది. దిగువ తూము మూసిన చప్పుడు అది. తర్వాత అటు, ఎగువ వైపు, ఇంకో చక్రం కిర్రుమంది. పడవ ఒక్కసారి ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలింది. వెనకనుంచి నీళ్ళు లోపలికి వస్తున్నాయి. మేం పైకి లేస్తున్నాం.

"ఒదీల్ గారూ, తూము మారిపోయింది," అని కేకేశాడు మా వాడు.

అర చుట్టే తిప్పినట్టుంది. నీళ్ళు తొందరపడలేదు. తడిసిన పాచి ఒక్కో వరసా మునిగింది. పెటిఫర్ గారు కునుకులోంచి లేచి, ఇందాక దిగాం కదా అన్నట్టు చుట్టూ చూసింది. బూట్లు కనిపించాయి. గౌను అంచు. చేతులు. మొహం.

"ఇదేంటండీ," అన్నాడు మా వాడు. "పైన చెరువులు ఎండిపోతుంటే లాకెడు నీళ్ళు ఉత్తపుణ్యానికి పోశారే."

"ఉత్తపుణ్యానికో కాదో నాకేం తెలుసు?" అంది ఒదీల్. "అది నీ చేతిలో ఉంది. చెప్పు."

ఇన్నేళ్ళలో ఆవిడ వాణ్ణి నువ్వు అనడం అదే మొదలు. మా వాడు టోపీ తీశాడు. కూడబలుక్కున్న మాటలన్నీ ఎటు పోయాయో.

"నాకు నేల మీద నిద్ర పట్టదు ఒదీల్," అన్నాడు.

నా చేతిలో గరిటె ఉంది. ఇంకో క్షణమైతే విసిరేదాన్నే.

"పట్టకపోయినా పడుకుంటాను. నువ్వెక్కడుంటే అక్కడే. నాకు నువ్వు కావాలి."

ఒదీల్ కళ్ళు తుడుచుకుంది. "నేలెవడిక్కావాలి? ఇల్లు ఖాళీ చేస్తున్నాను కదా. పెట్టె సర్దే ఉంది. మీ పడవలో కోళ్ళకి చోటుంటుందా?"

"వంటగది పక్కన బోలెడంత," అన్నాను నేను, నన్నెవరూ అడక్కపోయినా.

మా వాడు గట్టెక్కాడు. తూము తిప్పడానికి ఆవిడతో పాటు వాడూ చక్రం పట్టుకున్నాడు. చుక్కాని నా చేతికొచ్చింది. మళ్ళీ దిగాం. ఈసారి పైన నాలుగు బూట్లున్నాయి. ఇది కూడా మన యాత్రలో భాగమేనా అని పెటిఫర్ గారు అడిగింది. ప్రతి వారం ఉండదమ్మా అన్నాను. లూసియాన్ ఉండుంటే వాడి వీపు మీద ఒక్కటి చరిచి ఉండేవాడు. కాలువ మసకమసగ్గా కనిపించింది, కళ్ళు తుడుచుకుంటూనే తిప్పాను.

తర్వాత కాలువల ఆఫీసు నుంచి పెద్దాయనొచ్చి ఒదీల్‌ని నిలదీశాడట, పైన నీళ్ళు ఒక్కసారిగా తగ్గాయి, ఎదురు పడవ లేకుండా లాకు ఎందుకు నింపావని. "మనిషి మునిగిపోతుంటే పైకి తీశానండీ," అందట. ఆ ఆదివారమే వాడు డీజోన్ నుంచి బండిలో వెళ్ళి ఆవిణ్ణీ కోళ్ళనీ పడవకి తీసుకొచ్చాడు.