ఎడమ పెట్టె

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వీధంతా అంటుంది. ఉంటే ఉండనీ. ఇనోబత్ ఓపా సంగతిలో మాత్రం ఆ కోపం నా మీద నాకు రావాల్సింది. ఊళ్లో మిగతా అందరి మీదా వచ్చింది.

ఓపా అంటే మాకు అక్క. తాష్కెంటులో మా ఇంటి పై అంతస్తులో ఉంటుంది. ముప్పై నాలుగేళ్లు రేడియోలో పాటలు రికార్డు చేసింది. ఎవరి గొంతు ఎంత రావాలి, రెండు తీగల దూతార్ ఏ పక్క మోగాలి, డప్పు ఎంత వెనక్కి పోవాలి, అన్నీ తేల్చేది ఆవిడే. పాటగాళ్లకు బిరుదులొచ్చాయి. ఈవిడకి పెన్షనొచ్చింది. దాంతోపాటు, స్టూడియోలో మూలన పారేయబోతుంటే అడిగి తెచ్చుకున్న ఒక పాత యాంప్లిఫయరు, ఒక టేపు యంత్రం. స్పీకర్లు మాత్రం లేవు. పద్నాలుగేళ్లు అవి దుప్పటి కిందే పడున్నాయి. ప్రతి ఏడూ వచ్చే ఏడు కొందాంలే అనేది.

ఈ వసంతంలో డాక్టరు ఆవిడ ఎడమ చెవి నరం చచ్చిపోతోందనీ, ఇంకో ఏడాది వినబడితే గొప్పేననీ చెప్పాడు. అంతటితో నోరు మూసుకోవచ్చుగా. "ఈ వయసులో ఇంక పాటలెందుకమ్మా, మనవళ్ల మాటలు వినబడితే చాల్లే" అన్నాడట. ఆవిడకు మనవళ్లు లేరు, అసలు పెళ్లే చేసుకోలేదు. తిన్నగా వచ్చి నా తలుపు బాదింది.

"ఎర్గష్, కారు తియ్యి. స్పీకర్లు కొనాలి. నేను చేసిన పని నా ఇంట్లో కూచుని ఒక్కసారన్నా వినాలి. అది రెండు చెవులూ ఉండగానే కావాలి."

కొత్తవి మా తాహతుకి ఎక్కడ దొరుకుతాయి? ఆదివారం పాత సామాన్ల సంతకి వెళ్లాం. మొదటి వారం ఒకడు నిగనిగలాడే జత చూపించాడు. ఓపా వంగి వాసన చూసింది. "ఇవి పెళ్లిళ్లకి అద్దెకి తిరిగినవి. లోపల తీగ మాడింది, ముక్కుందా నీకు?" అంది. రెండో వారం ఇంకొకడి పెట్టెల వెనక నంబర్లు చదివింది. "ఇవి జతేంట్రా, దారిలో కలిసిన బాటసారులు" అని లేచిపోయింది. అమ్మేవాళ్లు మమ్మల్ని చూస్తే మొహం తిప్పుకునే దాకా వచ్చింది.

మూడో వారం రఫ్కత్ దగ్గర దొరికాయి. తెల్ల గడ్డం, తాతారు జాతి ముసలాయన, పాత రేడియోలమ్ముతాడు. పెద్ద చెక్క పెట్టెలు, నంబర్లు ఒకటే. ఓపా నాలుగు వేళ్లతో లోపలి కాగితం గిన్నెను మెల్లగా నొక్కి, గీసుకునే చప్పుడు రాకపోయేసరికి నా వైపు చూసి కళ్లతోనే సరేనంది. రఫ్కత్ దగ్గర కరెంటు లేదు, చిన్న జేబు రేడియోకి తగిలించి ఒక్కోటీ పలికించి చూపించాడు. మా సంత అలవాటు ప్రకారం ఒక మధ్యవర్తి బేరం తెగేదాకా ఇద్దరి చేతులూ పట్టి ఊపుతూనే ఉన్నాడు. రెండు నెలల పెన్షనంత ధర నెలన్నరకి దిగాక చేతులు కలిశాయి. మా సంతలో చెయ్యి కలిశాక సరుకు వెనక్కి తేవడమంటే అవతలివాణ్ణి నలుగురిలో దొంగ అన్నట్టే.

మర్నాడే ఓపా దిగొచ్చింది. మొహం కందిపోయి ఉంది.

"ఎడమ పెట్టె మూగది. దూతార్ తీగ మీద గోరు పడ్డ చప్పుడే రాట్లేదు. ముసలాడు ముంచాడు మనల్ని."

ముప్పై ఏళ్లుగా టీవీలు బాగుచేస్తున్నాను. మీటరు నా బల్ల మీదే ఉంది. పైకెళ్లి ఒక్కసారి విందామని కూడా అనిపించలేదు నాకు. ఆవిడ చెవినెవడు అనుమానిస్తాడు? రేడియోలో మంత్రులు కూడా అనుమానించలేదు. ఆదివారం రెండు పెట్టెలూ, యాంప్లిఫయరూ, టేపూ కిందికి మోసి, దారి పొడుగునా రఫ్కత్‌ని తిడుతూనే ఉన్నాను.

వెళ్లీ వెళ్లగానే కాలరు పట్టుకున్నాను. "గడ్డం నెరిసినా సిగ్గు రాలేదా నీకు?"

"చెయ్యి కలిపాక మోసుకొచ్చావు, సిగ్గు నాకా నీకా?" అన్నాడు ముసలాయన. "పెట్టు, నలుగురి ముందే పెట్టు."

పక్కనే సమోసాల్లాంటి సంసాలు కాల్చి అమ్మే కొట్టు నుంచి కరెంటు లాగాం. ఓపా రెండు పెట్టెల మధ్యన నిలబడింది. టేపు తిరిగింది. ఎడమ పెట్టెలోంచి దూతార్ వచ్చింది, ప్రతి గోటి దెబ్బా విడివిడిగా. నా చెయ్యింకా ఆయన కాలరు మీదే ఉంది. తీసేశాను.

"చూశారా, ఎంత మూగగా ఉందో" అంది ఓపా. "బాగానే మోగుతోందిగా ఓపా" అన్నాడు సంసాలవాడు. "మీ చెవుల్లో దూది పెట్టుకున్నారా ఏంటి? సరే, పెట్టెలు అటుదిటు మార్చండి."

వైర్లు ఊడదీయకుండానే మార్చాం. పెట్టెలో లోపముంటే ఆ లోపం పెట్టెతోపాటు కుడివైపుకి రావాలి. ఓపాకి ఆ సంగతి నాకంటే బాగా తెలుసు. ఇప్పుడు దూతార్ కుడివైపు మోగింది. ఆవిడ దాన్ని విని, మెల్లగా ఎడమవైపు తిరిగి, ఇప్పుడు తనకి మూగబోయిన ఆ రెండో పెట్టెను చూసింది. ఏడాదన్నాడు వెధవ డాక్టరు. మూడు నెలలు కూడా కాలేదు.

రఫ్కత్‌కి అర్థమైంది. డబ్బు తీసి చాచాడు. "నాదే తప్పు ఓపా. పెట్టె పాడైందే ఇచ్చాను. తీసుకో."

"అబద్ధమాడకు" అని గట్టిగా అరిచింది. "నీ పెట్టె బంగారంలా ఉంది. నా మీద జాలిపడి నీ సరుకుని తిట్టుకుంటావా? ఎర్గష్, ఎత్తు."

ఇంటికి తెచ్చి ఆవిడ చెప్పిన చోటల్లా జరిపి జరిపి పెట్టాను. మధ్యలో తను కూచోవాల్సిన చోట నన్ను కూచోబెట్టింది.

"దూతార్ ఎక్కడుంది?"

"ఎడమ పక్క, ఓపా."

"పెట్టింది నేనే, నాకు చెప్తావా? వినబడేది ఆ పక్క కిటికీకి ఇవతలా, అవతలా?"

"ఇవతల."

"కాదు. రెండు చెవులుండి నువ్వు చేసే పని ఇదా? సరిగ్గా విను."

టేపు వెనక్కి తిప్పింది. మళ్లీ తిప్పింది. నాలుగోసారికి దూతార్ కిటికీ అవతలెక్కడో మోగింది. ఆవిడకి భయపడి చెప్పిన మాట కాదిది, నిజంగానే అక్కడుంది. అదే చెప్పాను. ఓపా తిట్టడం మానేసి నా పక్కన నేల మీద కూలబడింది.

"ఎలా ఉంది?" అని అడిగింది.